ఎమిలీ మాయర్ ఫౌస్ట్ ఓవర్చర్: ఎవరూ పాడని ఆ మాటలు స్కోర్‌లో ఎందుకున్నాయి?

ప్రశ్న: తుంగభద్ర_తీరం

నమస్తే అండీ. నేను జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. చిన్నప్పుడు కర్నూల్లో వర్ణాల దాకా పాట నేర్చుకున్నాను, ఇంటర్‌లో చేరాక ఆగిపోయింది. పాశ్చాత్య సంగీతం అంటే సినిమా నేపథ్య సంగీతంలో విన్న వయోలిన్లు తప్ప నాకు పెద్దగా తెలియదు. పోయిన వారం క్లాస్‌మేట్ దగ్గర ఒక స్టూడెంట్ టికెట్ మిగిలిందంటే ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. ఆ రోజు పెద్ద పేర్లే వాయించారు కానీ నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నది మాత్రం మొట్టమొదట వాయించిన చిన్న అంశం. ఎమిలీ మాయర్ అనే ఆవిడ రాసిన ఫౌస్ట్ ఓవర్చర్, బి మైనర్, ఓపస్ 46. అచ్చయింది 1880లో అట.

ఇంటికొచ్చి రికార్డింగ్ వెతుక్కుని నాలుగైదు సార్లు విన్నాను. నోట్స్ చదవడం అంతంత మాత్రమే అయినా స్కోర్, అంటే వాయిద్యాలన్నిటి స్వరాలూ రాసి ఉన్న పుస్తకం, తెరిచి వేలు పెట్టుకుంటూ చూశాను. చివరికి వచ్చేసరికి ఒక చోట స్వరాల పైన జర్మన్‌లో "జీ ఇస్ట్ గెరెట్టెట్" అని రాసి ఉంది. "ఆమె రక్షణ పొందింది" అని అర్థం, అంతవరకు నా జర్మన్ సరిపోయింది. కానీ ఇందులో పాడేవాళ్లే లేరు కదా. హాల్లో కూర్చున్న మాకెవ్వరికీ ఆ మాట వినపడలేదు, కనపడలేదు. మరి ఎవరి కోసం రాసినట్టు?

ఇంకో రెండు సందేహాలు. ఓవర్చర్ అంటే ఒపెరా మొదలయ్యే ముందు వాయించేది అనుకున్నాను, దీని వెనకాల ఒపెరా ఏమీ లేదంటున్నారు. రెండోది, ఫౌస్ట్ అంటే దెయ్యానికి ఆత్మను అమ్ముకున్న పండితుడి కథ అని మాత్రమే తెలుసు. ఆ కథ ఈ సంగీతంలో ఎక్కడుందో, ఏ ముక్క వింటే ఏ సన్నివేశం అనుకోవాలో ఎవరైనా చెప్తారా? పేరు మగవాడిది, చివరి మాట ఆడమనిషి గురించి. అది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

పాతగ్రామఫోన్:

మంచి ప్రశ్న వేశారు. ఓవర్చర్ సంగతి ముందు చెప్పేస్తాను. మొదట్లో అది మీరన్నట్టు ఒపెరా తెర లేచే ముందు వాయించేదే. తర్వాత నాటకాల ముందు కూడా వాయించడం మొదలైంది. బెతోవెన్ 1810లో జర్మన్ కవి గేటే నాటకం 'ఎగ్మాంట్' కోసం రాసిన ఓవర్చర్ అలాంటిదే. ఆ తర్వాత అసలు రంగస్థలంతో పని లేకుండా, ఒక పుస్తకాన్నో ఒక చోటునో మనసులో పెట్టుకుని కచేరీలో విడిగా వాయించడానికే ఓవర్చర్లు రాశారు. మెండెల్‌సన్ 1826లో, పదిహేడేళ్ల వయసులో, షేక్‌స్పియర్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' మీద రాసింది అందరికీ తెలిసినది. మాయర్ రాసిందీ ఆ కోవలోదే. వెనక ఒపెరా ఉండదు, ముందు పుస్తకం ఉంటుంది.

ఇక కథ. మీకు తెలిసింది సగం మాత్రమే, ఈ సంగీతానికి కావలసింది మిగతా సగం. గేటే 'ఫౌస్ట్' మొదటి భాగం 1808లో వచ్చింది. చదివి చదివి విసిగిపోయిన ముసలి పండితుడు ఫౌస్ట్ మెఫిస్టోఫిలిస్ అనే దయ్యంతో ఒప్పందం చేసుకుంటాడు, మళ్లీ యవ్వనం వస్తుంది, వీధిలో గ్రెచెన్ అనే అమ్మాయి కనిపిస్తుంది. పేదింటి పిల్ల, గుడికి వెళ్లి వస్తుంటుంది. అక్కణ్ణుంచి నాటకం నిజానికి ఆ అమ్మాయిదే. రాత్రి తల్లి మేలుకోకుండా ఉండటానికి ఫౌస్ట్ ఇచ్చిన నిద్రమందు వల్ల ఆ తల్లి చనిపోతుంది. అన్న వాలెంటిన్ ఫౌస్ట్ కత్తికి బలవుతాడు. ఫౌస్ట్ ఊరు విడిచి పారిపోతాడు. గ్రెచెన్ ఒంటరిగా బిడ్డను కని, మతి చెదిరి ఆ పసిబిడ్డను నీళ్లలో ముంచి చంపేస్తుంది. మరణశిక్ష పడుతుంది. చివరి సన్నివేశం జైలు గదిలో. ఫౌస్ట్ దయ్యం సాయంతో వచ్చి తలుపు తీసి పారిపోదాం రమ్మంటాడు. ఆమె రానంటుంది. దేవుడి తీర్పుకే తనను తాను అప్పగించుకుంటానంటుంది. అప్పుడు మెఫిస్టోఫిలిస్ "జీ ఇస్ట్ గెరిష్టెట్" అంటాడు. ఆమెకు తీర్పు పడిపోయింది, ఇక అంతే అని. ఆ వెంటనే పైనుంచి ఒక గొంతు "ఇస్ట్ గెరెట్టెట్" అంటుంది. గెరిష్టెట్, గెరెట్టెట్. రెండు మాటలూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, అర్థం మాత్రం పాతాళానికీ ఆకాశానికీ ఉన్నంత దూరం.

మీరు స్కోర్‌లో చూసింది ఆ పై గొంతు మాట.

ఇంకొక్క విషయం చెప్పకుండా ఉండలేను. గేటే కుర్రతనంలో రాసుకున్న మొదటి ప్రతి ఒకటి ఉంది, దాన్ని 'ఉర్‌ఫౌస్ట్' అంటారు. అందులో పై గొంతు లేదు. దయ్యం మాటతోనే ఆమె కథ ముగుస్తుంది. 1772లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సుసన్నా మార్గరెటా బ్రాంట్ అనే పనిమనిషికి పుట్టిన బిడ్డను చంపిందని తల నరికే శిక్ష వేశారు. గేటే ఊరు అది, అప్పుడు అతను అక్కడే ఉన్నాడు, కుర్ర లాయరు. ఆ కేసు నీడ గ్రెచెన్ మీద ఉంది. బ్రాంట్‌ను ఏ గొంతూ రక్షించలేదు. ఆ "రక్షణ పొందింది" అన్నది గేటే ఎన్నో ఏళ్ల తర్వాత చేర్చిన మాట. మాయర్ ఏరుకుని తన స్కోర్‌లో పెట్టుకున్నది సరిగ్గా దాన్నే.

సాధారణ_గాంధారం:

పైన గ్రామఫోన్ గారు కథ బాగా చెప్పారు. నేను చెవికి సంబంధించిన ముక్క చెప్తాను, మీరు వర్ణాల దాకా నేర్చుకున్నారు కాబట్టి ఇది మీకు సులువు. నేను హైదరాబాద్‌లో పిల్లలకు వయోలిన్ నేర్పుతాను, కర్ణాటక పద్ధతి, పాశ్చాత్య పద్ధతి రెండూ.

బి మైనర్ అంటే బి ని షడ్జంగా పెట్టుకుని నటభైరవి స్వరాలు అనుకోండి, నిషాదం పైకి ఎక్కినప్పుడు కీరవాణి. పూర్తిగా సరిపోదు, వాళ్లకు గమకం లేదు, మనకు వాళ్ల హార్మనీ లేదు, కానీ మెట్లు అవే. బి మేజర్ అంటే అదే షడ్జం మీద ధీరశంకరాభరణం. ఈ రెంటికీ నడుమ చెవికి తగిలే మొదటి తేడా గాంధారం. సాధారణ గాంధారం ఉన్న చోట అంతర గాంధారం వస్తుంది, షడ్జం కదలదు. ఓవర్చర్ అంతా ఆ కింది గాంధారం బరువు మోస్తూ వచ్చి చివర్లో పై గాంధారానికి మారే చోటే ఆమె ఆ మాటలు రాసింది. మీరు ఈసారి వినేటప్పుడు శ్రుతిపెట్టెలో బి పెట్టుకుని మెల్లగా "స గ" అని లోపల పాడుకుంటూ వినండి. గాంధారం మారే క్షణం మీకే తెలిసిపోతుంది, స్కోర్ చూడక్కర్లేదు.

కాబట్టి "మాకు వినపడలేదు" అన్నారు చూశారా, వినపడింది. మాట వినపడలేదు, అంతే. ఆ మాట వల్ల జరిగినది వినపడింది.

సన్నివేశాల గురించి మాత్రం జాగ్రత్త. మొదట్లో నెమ్మదిగా, కింది తీగ వాయిద్యాలతో చీకటిగా వచ్చేదాన్ని ఫౌస్ట్ పుస్తకాల గది అని అనుకోవచ్చు, తర్వాత వేగంగా వచ్చేదాన్ని దయ్యంతో తిరుగుళ్లు అనుకోవచ్చు, మధ్యలో మెత్తగా పాడే రాగం గ్రెచెన్ అనుకోవచ్చు. నా విద్యార్థులు కూడా అలాగే అంటారు. కానీ స్కోర్‌లో మాయర్ అలా ఏ పేరూ రాయలేదు. దాని కట్టడం సొనాటా పద్ధతి: రెండు భిన్నమైన థీమ్‌లు పరిచయం చేస్తారు, వాటిని విడదీసి, వేరే కీలలోకి, అంటే వేరే షడ్జాల మీదికి, లాక్కెళ్లి, ఒకదాని మీద ఒకటి తోసి, తిరిగి సొంత కీకి తెస్తారు. హైడెన్, బెతోవెన్ వాడిన పద్ధతే. కథ కోసం ఆ పద్ధతిని ఆమె విరగ్గొట్టలేదు. అంత నిగ్రహంగా అంతా స్వరాలకే వదిలేసిన మనిషి ఒక్క చోట మాత్రం మాట రాసింది. అందుకే ఆ ఒక్కదానికి అంత బరువు.

ఎవరి కోసం అంటే, ముందు కండక్టర్ కోసం. మేజర్ కీ ముగింపును ఎలాగైనా వాయించవచ్చు. యుద్ధం గెలిచినట్టు ఉరుములా వాయించవచ్చు, పండగలా వాయించవచ్చు. అక్కడ ఆ మాట ఉన్నప్పుడు ఆ చెయ్యి వేరేగా లేస్తుంది.

తుంగభద్ర_తీరం:

ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్. గాంధారం సంగతి చదవగానే ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని ప్రయత్నించాను, ఒళ్లు జలదరించింది, నిజంగా. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ స్వరం గుర్తుపట్టానంటే మా టీచర్ గారికి చెప్పాలి.

ఆవిడ గురించి కూడా చెప్పరూ? నా జర్మన్ ఫ్రెండ్స్‌లో ఇద్దరు సంగీతం వాయించేవాళ్లే, వాళ్లకీ పేరు తెలియదన్నారు. ఎనిమిది సింఫనీలు రాసిందని చదివాను. ఎనిమిది సింఫనీలు రాసిన మనిషిని సొంత దేశం వాళ్లే ఎలా మర్చిపోయారు?

ఉత్తరపుగాలి:

నేను బెర్లిన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఈవిడ నాకు చాలా ఇష్టమైన మనిషి, కాస్త పొడవుగానే రాస్తాను.

పుట్టింది 1812 మే 14న, ఉత్తర జర్మనీలో మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలోని ఫ్రీడ్‌లాండ్ అనే చిన్న ఊళ్లో. నాన్న మందుల షాపు నడిపే అపోథెకరీ, కలిగిన కుటుంబం. రెండేళ్లకే అమ్మ పోయింది. ఐదేళ్లకు ఊళ్లోని ఆర్గన్ వాయించే ఆయన దగ్గర పియానో మొదలుపెట్టింది, మొదలుపెట్టిన కొద్ది రోజులకే సొంతంగా చిన్న చిన్న ముక్కలు కట్టేదట. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏమీ జరగలేదు. పెళ్లి చేసుకోలేదు, ఇల్లు చూసుకుంటూ నాన్న దగ్గరే ఉండిపోయింది. 1840లో ఆ నాన్న తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. అప్పుడామెకు 28.

మన ఇళ్లల్లో అయితే ఆ వయసులో ఆ పరిస్థితిలో ఉన్న ఆడపిల్ల ఏ అన్నదమ్ముల ఇంటికో చేరి వాళ్ల పిల్లలను పెంచుతుంది. అక్కడా ఎక్కువమంది చేసింది అదే. ఆమె వాటాకు వచ్చిన ఆస్తితో 1841లో స్టెట్టిన్ వెళ్లింది. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, ష్చెచిన్ అంటారు. అక్కడ కార్ల్ లోవే దగ్గర కంపోజిషన్ నేర్చుకుంది. లోవే చిన్నవాడు కాదు, గేటే కవితలకు స్వరాలు కట్టడంలో పెద్ద పేరున్నవాడు, గేటే 'ఎర్ల్‌కోనిగ్'కు అతను కట్టిన పాట ఇప్పటికీ పాడతారు. ఎమిలీ కూడా అదే కవితకు పాట కట్టింది. అంటే గేటే ఆమెకు 68వ ఏట హఠాత్తుగా దొరికినవాడు కాదు, నేర్చుకునే రోజుల నుంచీ ఉన్నాడు.

1847లో బెర్లిన్ వచ్చింది. అడాల్ఫ్ బెర్న్‌హార్డ్ మార్క్స్ దగ్గర కౌంటర్‌పాయింట్, ఫ్యూగ్ నేర్చుకుంది, అంటే ఒకటి కంటే ఎక్కువ రాగాలను ఒకేసారి కలిపి నడిపించే విద్య. విల్హెల్మ్ వీప్రెష్ట్ దగ్గర ఆర్కెస్ట్రేషన్, అంటే ఏ స్వరం ఏ వాయిద్యానికి ఇవ్వాలన్న విద్య. వీప్రెష్ట్ ప్రష్యా సైనిక బ్యాండులన్నిటినీ తీర్చిదిద్దినవాడు, ట్యూబా రూపకల్పనలో చెయ్యి ఉన్నవాడు. ఊదే వాయిద్యాలు అతని చేతిలో పని. ఫౌస్ట్ ఓవర్చర్‌లో ఆ వాయిద్యాలు ఎంత ధీమాగా పలుకుతాయో వింటే ఈ చదువు తెలుస్తుంది.

1850 ఏప్రిల్ 21న బెర్లిన్ రాజ నాటకశాలలో ఒక కచేరీ జరిగింది. వీప్రెష్ట్ కండక్టర్. కార్యక్రమం అంతా ఆమె రాసిన సంగీతమే. 1850లో, ఒక ఆడమనిషి పేరు మీద, ఒక సాయంత్రం మొత్తం. ప్రష్యా రాణి ఎలిజబెత్ ఆమెకు బంగారు పతకం ఇచ్చింది.

మీరు అడిగిన "ఎలా మర్చిపోయారు" అన్నదానికి నా జవాబు డబ్బు, కాగితం. పియానో ముక్క రాస్తే ఇంట్లో వాయించుకోవచ్చు, పాట రాస్తే చుట్టాల మధ్య పాడించవచ్చు. ఆర్కెస్ట్రాకు రాస్తే యాభై మంది కావాలి, హాలు కావాలి, ఒక్కొక్కరికీ వేరేగా పార్టు నకలు రాయించాలి, రిహార్సల్‌కు డబ్బులివ్వాలి. మగవాళ్లకైతే ఏదో ఒక దర్బారులోనో నాటకశాలలోనో ఉద్యోగం ఉండేది, ఆర్కెస్ట్రా చేతికింద ఉండేది. ఆడవాళ్లకు ఆ ఉద్యోగాలు లేవు. అందుకే వాళ్లలో చాలామంది పాటలు, పియానో దగ్గరే ఆగిపోయారు, ప్రతిభ లేక కాదు. ఈవిడ తన వాటా డబ్బు పెట్టి కచేరీలు చేయించుకుంది, అచ్చు వేయించుకుంది. అయినా సింఫనీల్లో ఎక్కువ భాగం చేతిరాతలోనే ఉండిపోయాయి. నాలుగో సింఫనీ సంగతి చూడండి, ఆర్కెస్ట్రా స్కోర్ పోయింది, ఒకే పియానో మీద ఇద్దరు నాలుగు చేతులతో వాయించడానికి అచ్చువేసిన ప్రతి ఒక్కటే మిగిలింది, దాన్నుంచి మన కాలంలో స్టెఫాన్ మాల్ట్‌సెవ్ మళ్లీ ఆర్కెస్ట్రాకు కట్టాడు. ఫౌస్ట్ ఓవర్చర్ అదృష్టం ఏమిటంటే స్టెట్టిన్‌లో అచ్చయింది. అచ్చయింది కాబట్టే మీరు పోయిన వారం విన్నారు.

1862లో స్టెట్టిన్‌కు తిరిగి వెళ్లి చాలాకాలం ఉంది, 1876లో మళ్లీ బెర్లిన్ వచ్చింది. బెర్లిన్ వచ్చాక ఆమె పేరు మళ్లీ వినిపించేలా చేసింది ఈ ఫౌస్టే. 1883 ఏప్రిల్ 10న న్యుమోనియాతో పోయింది. ఇక్కడ క్రాయ్‌ట్స్‌బెర్గ్‌లో హోలీ ట్రినిటీ శ్మశానంలో ఆమెను పూడ్చారు. అదే శ్మశానంలో సంగీతకర్త ఫానీ హెన్సెల్, ఆమె తమ్ముడు మెండెల్‌సన్ ఉన్నారు. నేను ఏటా ఏప్రిల్‌లో ఒకసారి వెళ్తాను.

ఇంకొకటి, దీనికీ సంగీతానికీ సంబంధం లేదు, అయినా రాస్తాను. ఆవిడ రొట్టె పిండితో బొమ్మలు, పాత్రలు చేసేది. తెల్ల రొట్టె మెత్తటి భాగాన్ని పిసికి ఆకారం ఇచ్చి ఎండబెట్టేది. వాటికీ రాజకుటుంబంలో మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ చేతుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆవిడ ఇంకా దగ్గరైనట్టు అనిపిస్తుంది.

కోటప్పకొండ:

మంచి చర్చ. నాది కొంచెం వేరే అభిప్రాయం, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మైనర్‌లో మొదలై మేజర్‌లో ముగియడం ఆ రోజుల్లో అందరూ చేసిందే. బెతోవెన్ ఐదో సింఫనీ సి మైనర్ నుంచి సి మేజర్‌కు వెళ్తుంది, ఎగ్మాంట్ ఎఫ్ మైనర్ నుంచి ఎఫ్ మేజర్‌కు వెళ్తుంది. ఫౌస్ట్ మీద సంగీతం కూడా ఆ శతాబ్దంలో కుప్పలు. షూబర్ట్ 1814లో రాట్నం దగ్గర గ్రెచెన్ పాట రాశాడు, బెర్లియోజ్, షూమన్, లిస్ట్, వాగ్నర్, గునో, అందరూ ఫౌస్ట్ పట్టుకున్నారు. మరి 1880లో ఇంకొకరు అదే కథ, అదే దారి ఎంచుకుంటే అందులో కొత్తదనం ఎంత? పైగా అప్పటికి వాగ్నర్ హార్మనీ ఎక్కడికో వెళ్లిపోయింది, ఈవిడ భాష ముప్పై ఏళ్లు పాతది. ఆడమనిషి కాబట్టి ఎక్కువ చేసి చూస్తున్నామా అన్నది నా సందేహం. బాగుంది, నేనూ విన్నాను, కాదనను. గొప్పదా?

సాధారణ_గాంధారం:

అడగాల్సిన ప్రశ్నే అడిగారు కోటప్పకొండ గారూ. భాష పాతది అన్నది నిజమే, ఒప్పుకుంటాను. ఆమె చెవి బెతోవెన్ కాలంలో తయారైంది, చివరిదాకా ఆ ఇంట్లోనే ఉంది. కానీ మన వైపు ఒక విద్వాంసుడు పాత బాణీలో పాడితే ఆ బాణీ లోపల ఏం చెప్పాడో చూస్తాం కదా, పాతదని లేచి వెళ్లిపోము.

కొత్తదనం ఎక్కడుందో నాకు అనిపించింది చెప్తాను. మీరు చెప్పిన పేర్లలో ఇద్దరిని తీసుకుందాం. వాగ్నర్ కూడా 'ఫౌస్ట్ ఓవర్చర్' రాశాడు, 1840లో మొదటి రూపం, 1855లో మార్చిన రూపం. మొదట అనుకున్నది ఫౌస్ట్ మీద పెద్ద సింఫనీ. గ్రెచెన్ రెండో భాగంలో రావాలి. ఆ రెండో భాగం రాయనే లేదు. మిగిలింది ఒంటరి ఫౌస్ట్ మాత్రమే, వాగ్నరే లిస్ట్‌కు రాసిన ఉత్తరంలో ఇందులో ఆడమనిషి లేదని ఒప్పుకున్నాడు. లిస్ట్ 'ఫౌస్ట్ సింఫనీ' 1857లో వైమర్‌లో వాయించారు. అందులో గ్రెచెన్‌కు ఒక పూర్తి భాగం ఉంది, ఎంత అందమైనదో చెప్పలేను. కానీ చివర్లో మగవాళ్ల కోరస్ వస్తుంది, టెనర్, అంటే పై స్థాయిలో పాడే మగ గాయకుడు, వస్తాడు, గేటే 'ఫౌస్ట్' రెండో భాగంలోని ఆఖరి వాక్యాలు పాడతారు, శాశ్వతమైన స్త్రీత్వం మనల్ని పైకి లాగుతుంది అని. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అర్థం చూడండి, స్త్రీ పైనుంచి లాగేది, రక్షణ పొందేది ఫౌస్ట్. ఆమె అతని మోక్షానికి తాడు.

మాయర్ రెండో భాగం వైపు వెళ్లలేదు. మొదటి భాగం దగ్గరే, ఆ జైలు గది దగ్గరే ఆగింది. రక్షణ ఎవరికి? "ఆమె"కు. ఫౌస్ట్ ఏమయ్యాడో ఈ ఓవర్చర్ చెప్పదు. దయ్యంతో కలిసి వెళ్లిపోయాడు, అంతే. అదే బెతోవెన్ దారి, అదే మైనర్ నుంచి మేజర్, కానీ ఆ దారి చివర నిలబడింది వీరుడు కాదు, మరణశిక్ష ముందున్న పిల్ల. ఆ ఒక్క మాట తీసేస్తే మీరన్నది పూర్తిగా నిజం, ఇది అందరూ చేసిన ముగింపు అయిపోతుంది. ఆ మాట ఉంది కాబట్టి కాదు. అందుకే ఆమె రాసింది అని నేను నమ్ముతున్నాను.

కోటప్పకొండ:

లిస్ట్ చివరి కోరస్‌ను ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఏళ్లుగా వింటున్నాను అది. ఇవాళ రాత్రి రెండూ వెనక వెనకే వింటాను.

నీలంరంగు_ఇంకు:

ఇలాంటివి ఇంకా కావాలనుకునేవాళ్లకు. ఎథెల్ స్మిత్, ఇంగ్లండ్, షేక్‌స్పియర్ 'ఆంటొనీ అండ్ క్లియోపాత్రా' మీద ఓవర్చర్ రాసింది, 1890లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో వాయించారు. తర్వాత ఆడవాళ్ల ఓటు హక్కు ఉద్యమంలో జైలుకు వెళ్లింది ఈవిడే. లూయీజ్ ఫరాంక్, పారిస్, 1834లో రెండు ఓవర్చర్లు, సాహిత్యంతో సంబంధం లేదు, అయినా వినండి. పారిస్ కన్సర్వేటరీలో పియానో ప్రొఫెసర్‌గా ఉంటూ మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం అడిగి 1850లో తెచ్చుకుంది. పైన శ్మశానం దగ్గర వచ్చిన ఫానీ హెన్సెల్ కూడా సి మేజర్‌లో ఒక ఓవర్చర్ రాసి, బెర్లిన్‌లో తన ఇంటి కచేరీలో తానే ఆర్కెస్ట్రాను నడిపించింది. అది అచ్చయింది 1994లో. రాసిన నూట అరవై ఏళ్లకు.

ఒక చిన్న మాట అనువాదం గురించి. "రక్షణ పొందింది" అంటే నాకెందుకో పోలీసు రక్షణలా వినిపిస్తోంది. "తరించింది" అంటే ఎలా ఉంటుంది? మనవాళ్లు ఒడ్డు దాటినవాళ్లకు వాడే మాట అదే.

పాతగ్రామఫోన్:

తరించింది! అద్భుతం. నేను పైన రాసింది మార్చుకోవాలనిపిస్తోంది. అయితే ఒక తేడా ఉంది, తరించడం మన ప్రయత్నంతో కూడా కావచ్చు, గెరెట్టెట్‌లో ఎవరో చెయ్యి పట్టి లాగారన్న అర్థం ఉంది. "గట్టెక్కించారు" లాంటిది. అయినా స్కోర్ పైన రాసుకోవాల్సి వస్తే నేను "తరించింది" అనే రాసుకుంటాను. ఒక్క మాట, ఆ గాంధారం మారే చోట సరిగ్గా పడుతుంది.

తుంగభద్ర_తీరం:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు, మూడు రోజులుగా తరగతుల మధ్యలో ఇదే చదువుతున్నాను. నిన్న రాత్రి లైటు ఆర్పి, స్కోర్ లేకుండా, బి శ్రుతి పెట్టుకుని విన్నాను. గాంధారం మారింది. ఈసారి ఎవరి గురించో తెలిసి విన్నాను కాబట్టి ఏడుపొచ్చింది.

పొద్దున్న అమ్మకు ఫోన్ చేసి కథంతా చెప్పాను. రాట్నం, నిద్రమందు, అన్న చావు, జైలు, పైనుంచి వచ్చిన గొంతు, అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ ఆ మాట తన కాగితం మీద రాసుకోవడం. ఆ చివరి ముక్క ఫోన్‌లోనే వినిపించాను. అమ్మ మొత్తం విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బాగుందమ్మా, ఆ పిల్ల తరించింది, సరే. మరి ఆ పసిగుడ్డు?" అంది.

ఆ మాట తర్వాత మళ్లీ ఒకసారి విన్నాను. ముగింపు అదే, స్వరాలు అవే, కానీ నిన్న రాత్రి విన్నంత సులువుగా వినలేకపోయాను. గేటే నాటకంలో ఆ బిడ్డ మాట ఇంకెక్కడైనా వస్తుందా? గ్రామఫోన్ గారూ, వీలైతే చెప్పండి, అమ్మ సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తానంది.

పాతగ్రామఫోన్:

వస్తుందండీ. అదే జైలు సన్నివేశంలో, ఆ పై గొంతుకు కాస్త ముందు. ఫౌస్ట్ ఆమెను బయటికి లాగబోతుంటే గ్రెచెన్‌కు ఆ చెరువు కళ్లముందు కనిపిస్తుంది. త్వరగా వెళ్లు, వాగు వెంట పైకి వెళ్లు, వంతెన దాటి అడవిలోకి, ఎడమవైపు, పలక ఉన్న చోట, చెరువులో ఉంది, పైకి లేవాలని చూస్తోంది, ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది, పట్టుకో, పట్టుకో అంటుంది. దారి అంత సరిగ్గా చెప్తుంది. ఫౌస్ట్ కదలడు. స్పృహలోకి రా, ఒక్క అడుగు వేస్తే నువ్వు బయటపడతావు అంటాడు.

అమ్మగారికి ఇది చెప్పండి.